వాలు మీద నిలవని ఇల్లు

కోవిడ్ వచ్చిన రెండో ఏడు జనవరిలో మా ఆయన్ని అంబులెన్సులో తీసుకెళ్ళారు. స్వోర్డ్స్ ఊళ్ళో మా ఇంటి గుమ్మంలో నిలబడి చూడటం తప్ప నేను చెయ్యగలిగింది లేదు. నాకూ జ్వరమే, పైగా వెంట ఎవరినీ రానివ్వని రోజులవి. ముఖాలు కనపడకుండా కప్పుకున్న ఇద్దరు మనుషులు ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుపోతుంటే, ఆయన వెనక్కి తిరిగి, "స్టవ్ కట్టేశావా?" అని అడిగారు. అదే ఆఖరి మాట అవుతుందేమోనని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆయన తిరిగొచ్చారు. నాకు నిద్ర మాత్రం తిరిగి రాలేదు. పక్కన పడుకుని ఆయన ఊపిరి వింటూ ఉండేదాన్ని. దగ్గితే లేచి కూర్చునేదాన్ని. ఆ వేసవి మొదట్లో ఇండియా నుంచి ఫోన్లో వచ్చే కబుర్లు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఒకరోజు మా పెదనాన్న కొడుకు, ఇంకోరోజు కాలేజీలో నా పక్క బెంచీ స్నేహితురాలు. పొద్దున్నే ఫోన్ బోర్లా పెట్టి, టీ తాగాకే చూసేదాన్ని.

ఆయన భయం వేరు. ఆయనకి గోడలంటే భయం పట్టుకుంది.

"నాలుగు గోడలు చూళ్ళేకపోతున్నానే. ఎటైనా పోదాం," అన్నారు జూన్‌లో.

"ఎక్కడికి పోతామండీ ఈ రోజుల్లో? హోటళ్ళలో ఎవరెవరు పడుకున్న మంచాలో!"

"అందుకే మన మంచం మనమే పట్టుకుపోదాం."

ఇద్దరం అంతకు ముందు ఏడాదే రిటైరయ్యాం. ఆయన కంప్యూటర్లతో, నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ఆఫీసులో లెక్కలతో ఈ దేశంలో ఇరవై ఏళ్ళకి పైగా గడిపాం. అన్నేళ్ళలో పడమటి తీరం సరిగ్గా చూసింది లేదు. సెలవు దొరికితే ఇండియా విమానమే ఎక్కేవాళ్ళం. ఇప్పుడు విమానాల్లేవు. ఆయన ఎక్కడో వెతికి ఒక పాత కారవాన్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. మామూలు లైసెన్సు చాలేంత చిన్నది. ముందు కిటికీ కింద రెండు బల్లలు, వాటిని కలిపితే మంచం. మూల గ్యాస్ పొయ్యి. పైన సామాను పెట్టుకోవడానికి రెండు ప్రెస్‌లు. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు, మాకూ నోటికి అదే అలవాటైంది.

ఆడమ్స్‌టౌన్‌లో ఉండే మా అమ్మాయికి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. అది ఇక్కడే పెరిగింది. నేను తెలుగులో అడిగితే దాని జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

"యూ'ల్ బీ గ్రాండ్, అమ్మా. డాడ్ నీడ్స్ దిస్." ఇక్కడ గ్రాండ్ అంటే ఏం ఫరవాలేదని.

"గ్రాండ్ కాదే, మీ నాన్నకి దార్లో ఆయాసం వస్తే?"

"దేర్ ఆర్ హాస్పిటల్స్ ఇన్ మేయో టూ, అమ్మా."

మేం పోబోయే పడమటి తీరం మేయోలో కూడా ఆసుపత్రులున్నాయన్నది నాకు ధైర్యంలా వినపడలేదు.

బయల్దేరిన రోజే మొదటి దెబ్బ తగిలింది. మోటర్‌వే మీద ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుని పోయింది. ఆ గాలికి మా వెనక ఇల్లు కుక్కతోకలా ఊగడం మొదలుపెట్టింది. అది ఊగితే కారూ ఊగింది. అద్దంలో చూస్తే కారవాన్ ఒకసారి ఎడమవైపు కనపడుతోంది, ఒకసారి కుడివైపు. "బ్రేకెయ్యండి, బ్రేకెయ్యండి!" అని అరిచాను. ఆయన బ్రేకు జోలికి పోలేదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని, కాలు మాత్రం పైకెత్తారు. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. ఆ కాసేపూ నాకు తెలిసిన దేవుళ్ళందరూ నోటికొచ్చారు.

తర్వాతి ఎగ్జిట్‌లో ఆపి, లోపలంతా మళ్ళీ సర్దుకున్నాం. బియ్యం బస్తా, నీళ్ళ డబ్బాలు, ఆయన పనిముట్ల పెట్టె అన్నీ వెనక గోడ వారగా ఉన్నాయి. బరువు వెనకుంటే బండి అలాగే ఊగుతుందట. అన్నిటినీ చక్రాల మీదికి వచ్చేట్టు మధ్యలోకి జరిపాం. ఆయన ఆ బస్తా మోస్తుంటే ఆయాసపడుతున్నారేమోనని నా చూపంతా ఆయన ఛాతీ మీదే.

రెండో దెబ్బ వాన. షానన్ నది దాటాక ఒక చోట ఆగిన సాయంత్రం, పైకప్పు మధ్యలో ఉన్న చిన్న అద్దం చుట్టూ నీళ్ళు కారి మంచం తడిసిపోయింది. ఆయన వానలోనే స్టూలెక్కి, జిగురు గొట్టంతో అంచులన్నీ పూసొచ్చారు. కారడం ఆగింది. తడిసి లోపలికొచ్చి ఆయన దగ్గారు. ఒక్కసారే. పొడి దగ్గు.

"ఇంటికెళ్ళిపోదామండీ."

"గొంతులో ఏదో పడిందే. ప్రతి దగ్గూ అదే కాదు."

టవలుతో ఆయన తల తుడుస్తూ, చెయ్యి జార్చినట్టు జార్చి నుదుటి మీద పెట్టి చూశాను. చల్లగానే ఉంది. ఆయనకి అర్థమై, తల వంచి ఉంచారు.

మూడో రోజు మధ్యాహ్నానికి మేయో తీరంలో మేం ఉండబోయే చోటికి చేరాం. సముద్రం మీదికి వాలుగా దిగే పచ్చిక పొలం. కింద చివర ఛాతీ ఎత్తు రాతిగోడ, గోడ అవతల బండలు, బండల మీద విరిగే అలలు. పొలం పైన తెల్లటి ఇల్లు. ఆ ఇంటావిడ ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. గేటు దగ్గర మమ్మల్ని ఆపి, కారు అద్దం దింపనివ్వకుండా, దూరంగా నిలబడి చేతికర్రతో మా స్థలం చూపించింది. మాస్కు మీద కనపడే కళ్ళలో బెదురు. ఆ వేసవికి మేమే మొదటి బయటివాళ్ళమట. మమ్మల్ని చూసి ఒకరు భయపడటం నాకు వింతగా అనిపించింది. అప్పటిదాకా భయం నా ఒక్కదాని సొత్తనుకున్నాను.

ఆయన కారుని పొలంలో పైకి తిరిగి ఉండేట్టు ఆపి, దిగి, కారవాన్ హ్యాండ్‌బ్రేకు లాగి, కారు నుంచి దాన్ని విడదీశారు. కారుని కాస్త ముందుకి జరిపారు. చక్రాల కింద పెట్టే చెక్కముక్కలు కారు డిక్కీలో ఉన్నాయి. ఆయన వాటికోసం వెళ్ళారు. నేను టీ పెడదామని లోపలికెక్కాను.

ముందు కిటికీలోంచి కారు దూరమవుతూ కనపడింది. ఇంకా ముందుకి జరుపుతున్నారనుకున్నాను. కానీ కారులో ఎవరూ లేరు. డిక్కీ తలుపు తెరిచి ఉంది. ఆయన చేతుల్లోని చెక్కముక్కలు పారేసి నా వైపు పరిగెత్తుకొస్తున్నారు.

కదులుతోంది కారు కాదు, నేను.

అంత బరువున్న ఇల్లు చప్పుడు లేకుండా వెనక్కి దొర్లుతోంది. ఆయన వచ్చి ముందున్న పిడి పట్టుకున్నారు. ముఖం కిటికీ అద్దానికి అవతల, నాకు అందేంత దగ్గరలో ఉంది. నోరు తెరుచుకుంది. "దిగు! దిగవే!" అన్నది పెదవుల్లో కనపడింది కానీ వినపడలేదు. తడి గడ్డి మీద ఆయన కాళ్ళు జారుతున్నాయి. మేక కాళ్ళు నేలకి తన్నిపెట్టినట్టు వెనక్కి వంగి ఆపుదామని చూస్తున్నారు. జనవరిలో నాలుగు మెట్లెక్కలేని మనిషి.

తలుపు వైపు తిరిగేలోపు పైన ప్రెస్ తెరుచుకుంది. కుక్కరు నా భుజం మీద పడింది. గిన్నెలు పడ్డాయి. ఆ సంవత్సరం మామిడికాయలు దొరికిన భాగ్యానికి అపురూపంగా పెట్టుకున్న ఆవకాయ జాడీ నా కాళ్ళ దగ్గర పగిలింది. ఆ నూనె మీద కాలేసి జారి వెల్లకిలా పడ్డాను. కింద నుంచి చూస్తే కిటికీలో ఆకాశం ఒక్కటే ఉంది. ఆయన ముఖం లేదు.

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ ఎరగను. బండి నన్ను సముద్రంలోకి తీసుకుపోతోందని కాదు. ఆ కిటికీలో ఆయన లేరని. చక్రం కింద ఏదో ఎత్తు తగిలినట్టయితే అది ఆయనేనా అని.

బండి పెద్ద ఊపుతో పక్కకి తిరిగింది. వెనక మూల ధడాలుమని గోడకి కొట్టుకుంది. వెనక కిటికీ పగిలి, సముద్రపు హోరు ఒక్కసారిగా లోపలికొచ్చింది. అంతే, ఆగిపోయింది.

తర్వాత తెలిసింది. ఇలాంటి బండ్లు వెనక్కి దొర్లేటప్పుడు బ్రేకు పట్టు సడలుతుందట. హ్యాండ్‌బ్రేకు నిటారుగా, ఇంక కదలనంతవరకూ ఎత్తితేనే నిలుస్తాయి. మా దాని తీగ సాగిపోయి, సగంలోనే బిగిసినట్టు అనిపించింది. ఆయన పిడి వదిలేసి, పరుగులోనే కిందికి వంగి ఆ లివరుని బలమంతా పెట్టి పైకి లాగారు. చక్రాలు పట్టాయి. బండి పక్కకి తిరగడంలో దాని ముందు కొస ఆయన్ని కొట్టి అవతల పడేసింది. నాకు ఎత్తు తగిలినట్టనిపించింది ఒక రాయి.

నేను ఎలాగో తలుపు తోసి బయటపడ్డాను. ఆయన గడ్డి మీద కూర్చుని ఉన్నారు. ఎడమ చెయ్యి ఒళ్ళో, మనిషి చెయ్యి వంగకూడని చోట వంగి ఉంది. కళ్ళు నా మీదే ఉన్నాయి.

"నీకేం కాలేదుగా?" అన్నారు. నన్ను పైనుంచి కిందికి చూసి, ఆయన ముఖం పాలిపోయింది.

అప్పుడే పైనుంచి ఒక కేక. "జీసస్, మేరీ అండ్ జోసెఫ్!" ఆ పెద్దావిడ చేతికర్ర కూడా లేకుండా పొలంలో పరిగెత్తుకొస్తోంది. వచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది. మాస్కు లేదు. నా తల, మెడ, వీపు తడిమేస్తోంది. "ఎక్కడ తగిలింది లవ్, ఎక్కడి నుంచి ఈ రక్తం?"

అప్పుడు చూసుకున్నాను. తల నుంచి పాదాల దాకా ఎర్రగా ఉన్నాను.

"రక్తం కాదు. పచ్చడి," అన్నాను ఇంగ్లీషులో. "మామిడికాయ పచ్చడి."

ఆవిడ నా భుజం మీద వేలు రాసి వాసన చూసుకుంది. ఆవఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం చేసిందో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, చేతులు వదిలేసి రెండడుగులు వెనక్కేసింది. ఎర్రబడ్డ తన అరిచేతులకేసి చూసుకుంటూ నిలబడిపోయింది.

ఆసుపత్రికి కారు నేనే నడిపాను. అంబులెన్సు ఎంతసేపటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఆయన పక్క సీట్లో కళ్ళు మూసుకుని, ప్రతి గతుకుకీ పళ్ళు బిగబట్టి మూలుగుతున్నారు. ఆసుపత్రి గుమ్మంలో నర్సు నన్ను చూడగానే ఇంకో చక్రాల కుర్చీ తెప్పించబోయింది. నాకేం కాలేదని నమ్మించడానికి కాసేపు పట్టింది. నమ్మాక, "అయితే మీరు బయటే ఉండాలి," అంది. "పేషెంటు ఒక్కరే."

మళ్ళీ అదే. ఆయన లోపలికి, నేను బయట. అద్దాల తలుపులు మూసుకున్నాయి. కారులో కూర్చున్నాను, పచ్చడి ఆరిన బట్టలతో. ఎముకది ఏముంది, అతుక్కుంటుంది. కానీ లోపల ఎవరు దగ్గుతున్నారో, ఏ గాలి పీలుస్తున్నారో. టీకా రెండు డోసులూ పడ్డాయి నిజమే. భయానికి ఆ మాట ఎక్కలేదు. మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, లిజన్," అంది. గొంతు మామూలుగా లేదు. మా అల్లుడికి ఆ పొద్దునే పాజిటివ్ వచ్చిందట. ఇంటిల్లిపాదీ బయటికి రాకూడదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. అది అటు ఏడుస్తోంది, నేను ఇటు.

"ఐ కాంట్ కమ్ టు యూ, అమ్మా."

"నువ్వు రావద్దే. నేనున్నాగా," అన్నాను. ఎక్కడున్నానో, ఏం చెయ్యగలనో నాకే తెలియదు.

సాయంత్రానికి ఆయన కట్టుతో నడిచి బయటికొచ్చారు. "ఛాతీ కూడా ఫోటో తీయించుకున్నానే. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట," అన్నారు. ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. తర్వాతే కారు తలుపు తీశాను.

ఆ పెద్దావిడ తన ఇంటి పక్క చిన్న గది మాకోసం తెరిచి పెట్టింది. మర్నాడు గోడకి అటు తను, ఇటు నేను నిలబడి మాట్లాడుకున్నాం. భర్త కోవిడ్ వచ్చిన మొదటి వసంతంలోనే పోయాడట. ఆసుపత్రిలో. చివరి చూపు లేదు. అంత్యక్రియలకి పదిమంది. ఊరి జనమంతా రోడ్డు పొడవునా దూరదూరంగా నిలబడ్డారట, శవపేటిక ఉన్న కారు వెళ్తుంటే. "ఆ రోజు నుంచి ఒక్క మనిషిని ముట్టుకోలేదు," అంది. "నిన్న ముట్టుకున్నది నిన్నే."

ఓదార్చడానికి మాట వెతుక్కుంటుంటే నా గుండెలో ఇంకో భయం దూరింది. నా వల్ల ఆవిడకేమైనా అయితే? ఆ రోజు నుంచి ఆవిడ దగ్గు వినపడుతుందేమోనని చెవులు రిక్కించి ఉండేదాన్ని. పొద్దున్నే ఆవిడ వంటింటి కిటికీ తెర తీస్తే గానీ నాకు టీ దిగేది కాదు. ఒక ఆదివారం తెర తియ్యలేదు. ఎండ బాగా పైకొచ్చినా తియ్యలేదు. వెళ్ళి తలుపు కొట్టాను, పలుకు లేదు. కిటికీ కొట్టాను. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాను. పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమైంది, లవ్?"

వెనక నుంచి. తలకి రుమాలు కట్టుకుని, ఎవరి కారులోంచో దిగుతోంది. చర్చిలో ప్రార్థనలకి మళ్ళీ జనాన్ని రానిస్తున్నారట, వెళ్ళొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ దగ్గరికి రాబోయి, ఆగి, అక్కడే నిలబడి నేను ఏడవడం అయ్యేదాకా ఉంది.

బండి బాగుచేసుకోవడం ఇంకో కథ. పక్క ఊరి మెకానిక్ ఒకాయన వచ్చి బ్రేకు తీగ మార్చి, పగిలిన లైట్లకి బదులు వెనక లైట్లున్న పలక ఒకటి కట్టి వెళ్ళాడు. వెనక కిటికీ దొరకడానికి నెలలు పడుతుందన్నారు. దేశమంతా కారవాన్లెక్కింది కదా. ఆ పెద్దావిడ తన భర్త షెడ్డు తాళం తీసి ఇచ్చింది. అందులో ప్లైవుడ్డు, స్క్రూలు, డ్రిల్లు. మా ఆయనకి ఒక చెయ్యే ఉంది కాబట్టి చెయ్యడం నాది, చెప్పడం ఆయనది.

"ఇంకొంచెం ఎడమకి. ఎడమకే!"

"మీ ఎడమా, నా ఎడమా?"

"నీకూ నాకూ ఎడమ ఒకటేనే!"

సొట్టపడ్డ మూలని సుత్తితో లోపల నుంచి కొట్టి, కిటికీ సందుకి చెక్క బిగించి, చుట్టూ జిగురు పూసి, పైన దళసరి టేపు వేశాం. చూడటానికి కన్ను పోయిన మనిషి కట్టులా ఉంది. బకెట్లతో నీళ్ళు పోసి చూస్తే లోపలికి చుక్క రాలేదు.

కానీ దాన్ని ఇంటికి ఎవరు నడపాలి? ఆయన చెయ్యి కట్టులో ఉంది. అల్లుడు జ్వరంలో ఉన్నాడు. నేను స్వోర్డ్స్ నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ తప్ప కారు నడిపిన మనిషిని కాను.

"ఇక్కడే వదిలేసి పోదామండీ," అన్నాను.

"పోదాం. కానీ నడపగలిగి కూడా భయంతో వదిలేస్తే, మళ్ళీ నువ్వు ఇంట్లోంచి బయటికి రావే. నాకు తెలుసు." కోపంగా అనలేదు. ఆయనకీ భయంగానే ఉంది, గొంతులో తెలిసింది.

పొలంలో పైకీ కిందికీ, గుండ్రంగా తిరిగి నేర్చుకున్నాను. మలుపులో లోపలి చక్రం రోడ్డు పక్క గట్టు ఎక్కకుండా వెడల్పుగా తీసుకోవాలి. ఆగాలంటే చాలా ముందే మొదలుపెట్టాలి. బయల్దేరే రోజు ఆ పెద్దావిడ గేటు పట్టుకుని నిలబడింది. దాటుతుంటే కారు పైకప్పు మీద అరిచేత్తో రెండుసార్లు తట్టింది.

దారంతా స్టీరింగు రెండు చేతులా పట్టుకునే ఉన్నాను. ఇరుకు రోడ్ల మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగి, అది దాటాకే కదిలేదాన్ని. వెనక కార్ల వరస పెరిగితే పక్కకి తీసి దారిచ్చేదాన్ని. మోటర్‌వే మీద లారీలు దాటుతుంటే బండి ఊగింది. కాలు పైకెత్తాను. స్టీరింగు వదల్లేదు. ఊపు తగ్గింది. ఆయన కట్టు లేని చేత్తో పైన పిడి పట్టుకుని, కళ్ళు రోడ్డు మీదే ఉంచి, "అంతే. అంతే," అంటూ వచ్చారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఆడమ్స్‌టౌన్ దారిలోదే. మా అమ్మాయి వాళ్ళ వీధి చివర ఖాళీ చోట ఆపాను. లోపలికి వెళ్ళకూడదు. ఇంటి ముందు నిలబడి ఫోన్ చేస్తే మేడ మీద కిటికీలోకి వచ్చింది. వెనక మా అల్లుడు, దుప్పటి కప్పుకుని, చిక్కిపోయి, కానీ తన కాళ్ళ మీద నిలబడి. గాజుకి అటు వాళ్ళు, ఇటు మేం.

"డిడ్ యూ డ్రైవ్ దట్ యోక్?" అంది ఫోన్లో. ఇక్కడివాళ్ళు పేరు తట్టని ప్రతి వస్తువునీ యోక్ అంటారు. "ఆల్ ద వే, అమ్మా?"

"అమ్మే నడిపింది," అన్నారు ఆయన, నా చేతిలో ఫోన్‌లోకి వంగి.

"వర్ యూ నాట్ స్కేర్డ్?"

"భయమేనే," అన్నాను. "ఇప్పటికీ భయమే. మీ ఆయనకి జ్వరం ఎంతుంది?"

తగ్గుతోందంది. పైకి చెయ్యి ఊపాను. ఇంకా స్వోర్డ్స్ దాకా పోవాలి, ఆఫీసులు విడిచే వేళ, రింగు రోడ్డు నిండా బండ్లు. ఆయన వెళ్ళి కారవాన్ తగిలింపు, లైట్లు, టేపు చూసొచ్చారు. నేను వెళ్ళి మళ్ళీ చూశాను. తర్వాత ఎక్కి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, కారు స్టార్ట్ చేశాను.